ఉనో నుంచి ఈఎస్‌పీ32కి సీరియల్: అర్థంలేని అక్షరాలు వస్తున్నాయి

ప్రశ్న:
ఆర్డుయినో ఉనో నుంచి ఈఎస్‌పీ32కి (రెండూ చిన్న మైక్రోకంట్రోలర్ బోర్డులు) సెన్సర్ రీడింగులు పంపాలి. ఉనోలో సాఫ్ట్‌వేర్ సీరియల్ (మామూలు పిన్నులతో సీరియల్ నడిపే లైబ్రరీ), 10వ పిన్ను ఆర్‌ఎక్స్ (అందుకునేది), 11వది టీఎక్స్ (పంపేది), స్పీడు సెకనుకు 115200 బిట్లు. అటు పిచ్చి అక్షరాలే వస్తున్నాయి, ఒక్కోసారి అసలేమీ రావట్లేదు. ఎక్కడ చూడాలండీ?

జవాబు 1:
వైర్లు నేరుగా కలిపి ఉంటే ముందు పీకేయండి. ఉనో టీఎక్స్ 5 వోల్టులు ఇస్తుంది, ఈఎస్‌పీ32 పిన్ను 3.3 వోల్టులకే. 11వ పిన్ను నుంచి 1 కిలో ఓమ్ రెసిస్టర్ పెట్టి, దాని రెండో కొస ఈఎస్‌పీ ఆర్‌ఎక్స్‌కి ఇవ్వండి. అదే కొస నుంచి 2 కిలో ఓమ్‌లది గ్రౌండ్‌కి. అక్కడ మీటరు పెడితే దాదాపు 3.3 కనబడాలి. ఈఎస్‌పీ టీఎక్స్ నుంచి ఉనోకి వచ్చే తిరుగు వైరుకి రెసిస్టర్లేమీ అక్కర్లేదు, 3 వోల్టులు దాటితే ఉనో హై (అంటే 1) గానే చదువుతుంది. రెండు బోర్డుల గ్రౌండ్ కలిపారా? అది లేకపోతే ఎన్ని మార్చినా ఇంతే.

జవాబు 2:
పిచ్చి అక్షరాలకు అసలు కారణం స్పీడే అనుకుంటా. ఉనోలో సాఫ్ట్‌వేర్ సీరియల్ 115200 దగ్గర బిట్లు తప్పుతుంది. రెండు వైపులా 9600 పెట్టండి. 0, 1 పిన్నులకు మారకండి, అవి యూఎస్‌బీతో పంచుకున్నవి, అప్‌లోడ్ ఆగిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:
9600తో అక్షరాలు సరిగ్గా వస్తున్నాయి. కానీ ప్రతి రీడింగూ సెకను ఆలస్యం.

జవాబు 2:
ఈఎస్‌పీ వైపు చదవడానికి రీడ్‌స్ట్రింగ్ ఫంక్షన్ వాడుతున్నట్టున్నారు, అది ఇంకేమైనా వస్తుందేమోనని టైమవుట్ 1000 మిల్లీసెకన్లు అయ్యేదాకా ఆగుతుంది. ఉనో నుంచి ప్రింట్‌ఎల్ఎన్‌తో (చివర కొత్త లైను గుర్తు చేర్చి పంపే ఫంక్షన్) పంపి, అటు ఆ గుర్తు వచ్చేవరకు ఒక్కో బైటే బఫర్‌లో (తాత్కాలికంగా దాచుకునే చోట) చేర్చుకోండి.