1929 ఫోర్డ్ మోడల్ ఏ: గేర్‌బాక్స్‌లో 90 ఆయిల్ పోయొచ్చా?

ప్రశ్న (తిరుపతి): గేర్‌బాక్స్‌లో జీఎల్-5 రకం, 90 నంబరు చిక్కదనం ఉన్న గేర్ ఆయిల్ పోశాం. సెకండ్ నుంచి థర్డ్‌కి మారుస్తుంటే కరకరమంటోంది. కింద మరకలు. ఏం పోయాలి అన్నా?

జవాబు: ఆ రోజుల్లో ఫోర్డ్ చెప్పింది 600డబ్ల్యూ. అది ఎస్ఏఈ (ఆయిల్ చిక్కదనాన్ని చెప్పే ప్రమాణం) నంబరు కాదు, ఆవిరి ఇంజన్ల సిలిండర్ ఆయిల్ గ్రేడు. ఈ గేర్ల పెట్టెలో సింక్రోమెష్ (గేర్ల వేగాలను కలిపే ఏర్పాటు) లేదు. చిక్కటి ఆయిల్ గేర్ల వేగాన్ని తగ్గిస్తే పళ్లు సులువుగా కలుస్తాయి. 90 పలచన, అందుకే ఆ చప్పుడు. 140 లేదా 250 జీఎల్-4 పోయండి. జీఎల్-5లో గంధకం సమ్మేళనాలు ఎక్కువ, వేడెక్కితే రివర్స్ గేరుకు తోడ్పడే ఐడ్లర్‌లోని కంచు బుష్‌ను తినే ప్రమాదం ఉంది. బండి కాసేపు నడిపి, వేడిగా ఉండగానే పాతది దించండి. సుమారు అర లీటరు, పక్క ప్లగ్ అంచు వరకే.

ఇంకో జవాబు (చిత్తూరు): డిఫరెన్షియల్ (వెనక చక్రాల మధ్య ఉండే గేర్ల పెట్టె) కూడా చూడండి తమ్ముడూ. పలచటి ఆయిల్ గేర్‌బాక్స్ వెనకున్న యూనివర్సల్ జాయింట్ (వంగే కీలు) దాటి, డ్రైవ్ షాఫ్ట్‌ను కప్పిన గొట్టం టార్క్ ట్యూబ్‌లోంచి వెనక్కి జారుతుంది. అక్కడ మట్టం పెరిగి, యాక్సిల్ చివర్ల నుంచి బ్రేక్ లైనింగులకు అంటుకుంటుంది, బ్రేకులు జారతాయి. మొగిలి ఘాట్ దిగేటప్పుడు అది తెలిస్తే ఆలస్యమైపోయినట్టే! అక్కడా లెవెల్ ప్లగ్ దాకానే, సుమారు లీటరు. జాయింట్‌కు మాత్రం గ్రీజు గన్‌తో లిథియం గ్రీజు. లీకు ఆగాలని డిఫరెన్షియల్‌లో గ్రీజు కూరకండి: పళ్లు దానిలో కాలువ తవ్వుకుని ఎండిపోతాయి.

ప్రశ్న అడిగినవారు: వెనక ప్లగ్ విప్పగానే ఆయిల్ కారింది అన్నా, మీరన్నదే.