సమస్యాపూరణం: "దీప మార్పినంతఁ దెలిసె దారి"

నిర్వాహకుడు:
ఈ వారం సమస్య ఆటవెలది పద్యంలో నాలుగో పాదం. ముందు మూడు పాదాలు మీరు రాసి దానికి అర్థం కుదర్చాలి.

*దీప మార్పినంతఁ దెలిసె దారి*

దీపం ఆర్పితే దారి తప్పాలి గానీ తెలియడమేమిటి? ఆ ముడి విప్పండి. ఈసారి చిన్న షరతు కూడా ఉంది. వస్తువు 1940 నాటి బ్రిటిష్ గూఢచారి సినిమా "కాంట్రబాండ్". మైకేల్ పవెల్ దర్శకుడు, ఎమెరిక్ ప్రెస్‌బర్గర్ రచయిత. చూడనివాళ్ళ కోసం నాలుగు ముక్కలు చెబుతాను. 1939 నవంబరు. జర్మనీకి సరుకు వెళుతోందేమోనని బ్రిటిష్ నౌకాదళం తటస్థ దేశాల ఓడల్ని ఆపి సోదా చేస్తోంది. అలా ఆగిన డెన్మార్కు ఓడ కెప్టెన్ ఆండర్సన్. ఒడ్డుకు దిగి భోంచేసి రావడానికి ఇచ్చిన పాసుల్ని ఓడలోని ఒకావిడ కొట్టేసి లండన్ చెక్కేస్తుంది. కెప్టెన్ వెంటపడతాడు. ఊరంతా బ్లాకవుట్, అంటే విమానదాడుల భయంతో దీపాలన్నీ ఆర్పేశారు. అక్కడినుంచి జర్మన్ గూఢచారులు, కిడ్నాపు, ప్రేమ, నవ్వులు, అన్నీ చీకట్లోనే.

పాతరీలు:
ఎన్నాళ్ళకు మా సబ్జెక్టు వచ్చింది మాస్టారూ! ఆగలేక రాసేశాను.

పాసు దోచి పోయె పడతి యొక్కతె రాత్రి
నావ దిగ్గి వెదకె నామె కొరకు
లండనంత నలుపు లాంతరైనను లేదు
దీప మార్పినంతఁ దెలిసె దారి

గణపాఠి:
పాతరీలు గారూ, గణాలు సరిపోయాయి. రెండో పాదంలో యతి, అంటే పాదం మొదటి అక్షరానికి మధ్యలో కుదరాల్సిన జత అక్షరం, పోయింది. "వెదకెన్ + ఆమె" కలిస్తే "వెదకె నామె". ఆ "న" ద్రుతం (మాట చివర చేరే నకారం) తెచ్చిపెట్టినది, "ఆమె" సొంతం కాదు. అక్కడ యతి "ఆ"కే. మీరు పాదం మొదట "నా" పెట్టారు. కంటికి సరిపోయినట్టుంటుంది గానీ చెల్లదు.

అంతకంటే పెద్ద తప్పు ఇంకోటుంది. మూడు పాదాలు కథ చెప్పి నాలుగోది అతికించారు. లాంతరైనా లేదన్నారు, వెంటనే దారి తెలిసిందన్నారు. ఎలా తెలిసింది? ముడి ముడిలాగే ఉంది.

పాతరీలు:
ఇరవై ఏళ్ళుగా ఈ "నా" తోనే కాలక్షేపం చేస్తున్నానండీ, ఎవరూ చెప్పలేదు! రెండో పాదం "నావ దిగ్గి వెదకె నావికుండు" అంటే?

నిర్వాహకుడు:
ఇప్పుడు నిక్షేపంగా ఉంది. పైగా వెదికిందెవరో కూడా తేలింది, ఇందాక కర్త లేడు. రెండో అభ్యంతరానికి కూడా జవాబు ఆలోచించండి.

థేమ్స్ గట్టు:
నేను ఉండేది లండన్‌లోనే కాబట్టి సినిమా పక్కన పెట్టి ఊరి సంగతి రాస్తున్నాను. ఇక్కడ బ్లాకవుట్ 1939 సెప్టెంబరు 1 నుంచే మొదలైంది, అంటే బ్రిటన్ యుద్ధం ప్రకటించడానికి రెండు రోజుల ముందే. చీకట్లో జనం కార్ల కింద పడుతున్నారని రోడ్డు అంచులకీ దీపస్తంభాలకీ చెట్లకీ తెల్లరంగు కొట్టారు.

వీధి దివ్వె లార్ప విధిలేక జనులెల్ల
తెల్లరంగుఁ బూసి తీర్చినారు
బాటయంచు మెరిసెఁ బాలచారిక వోలె
దీప మార్పినంతఁ దెలిసె దారి

గణపాఠి:
ముడి విడింది. దీపం ఆర్పారు కాబట్టే రంగు పూశారు, రంగు పూశారు కాబట్టే దారి కనబడింది. కారణం గొలుసులా ఉంది. "పాలచారిక" అన్నది నాకు బాగా నచ్చింది. రెండో పాదంలో దేనికి పూశారో చెప్పలేదు, మూడో పాదం దాకా ఆగాలి. అది దోషం అనను, చిన్న తడబాటు.

సాగరతీరం:
అక్కా, మీ పద్యం చదువుతుంటే మా అమ్మమ్మ గుర్తొచ్చింది. 1942 ఏప్రిల్ 6న విశాఖ మీద జపాన్ బాంబులు పడ్డాయి కదా. ఆ తర్వాత ఇంట్లో కిరసనాయిలు దీపానికి చుట్టూ నల్లకాగితం చుట్టేవారట. ఆవిడ చీకట్లో తడుముకుంటూనే బియ్యం ఏరేదట, రాయి తగిలితే వేలికి తెలుస్తుంది అనేది. దాన్ని పద్యం చేద్దామని కూర్చున్నా, "కిరసనాయిలు" గణాల్లో ఇమడక చచ్చాను.

ఓరుగల్లు:
అందరూ సీరియస్‌గా రాస్తున్నరు. ఈ సినిమాల అసలు మజా గోదాముల ఉంది గదా! అప్పటి బ్రిటన్ ప్రధాని చాంబర్లేన్ తల ప్లాస్టరు బొమ్మలు వరుసగా పేర్చి ఉంటయి, మన కెప్టెన్ అందులోది ఒకటి తీసి గూఢచారి నెత్తిన ఏస్తడు.

మంత్రి మట్టితలలు మస్తుగా గలచోట
చీకటాయె, దొంగ చేయి వణికె
బొమ్మ తలనుఁ బట్టి బుర్రపై మోదెను
దీప మార్పినంతఁ దెలిసె దారి

నిర్వాహకుడు:
హహ్హ! "దారి"ని "ఉపాయం"గా తిప్పారు చూడండి, పూరణలో అదీ ఒక మార్గమే. మ్యూనిక్‌లో 1938లో హిట్లర్‌తో సంధి చేసుకొచ్చిన పెద్దమనిషి తల, చివరికి హిట్లర్ మనిషి నెత్తిన పడడం! ఇంకో తమాషా ఏమంటే చాంబర్లేన్ రాజీనామా చేసింది 1940 మే 10న, సినిమా వచ్చింది కూడా ఆ నెలలోనే. థియేటర్లో జనం నవ్వేసరికి ఆయన మాజీ అయిపోయాడు.

గణపాఠి:
"మస్తు" పద్యంలో పడుతుందా అని కాసేపు ఆలోచించాను. "మంత్రి", "మట్టి", "మస్తు" వరుసగా వచ్చి చెవికి ఇంపుగానే ఉంది, ఒప్పుకుంటున్నాను. కానీ ప్లాస్టరును మట్టి చేశారేం?

ఓరుగల్లు:
ప్లాస్టరు అంటే గణం కుదరలే గురువుగారూ. అయినా అందరం మట్టిలనే కలుస్తం.

సాగరతీరం:
అమ్మమ్మను పక్కన పెట్టి, కెప్టెన్ వేషం వేసిన కాన్రాడ్ వైట్ మీద రాశాను. బెర్లిన్‌లో పుట్టిన మనిషి. భార్య యూదురాలు. 1933లో నాజీలు రాగానే దేశం విడిచి ఇంగ్లండు చేరాడు, 1939లో బ్రిటిష్ పౌరుడయ్యాడు.

హిట్లరార్పె దివ్వె యింటింట, జర్మనీ
నటుడు భార్యతోడ నాడు వీడె
నాంగ్లభూమి చేరి యచట వేషముఁ గట్టె
దీప మార్పినంతఁ దెలిసె దారి

థేమ్స్ గట్టు:
తమ్ముడూ, ఇది చదివి కాసేపు ఏమీ రాయలేకపోయాను.

పాతరీలు:
గురువుగారి పాఠం ఇప్పుడే నేర్చుకున్నవాణ్ణి కదా, ఒక ప్రశ్న. మూడో పాదం "నా"తో మొదలై యతి స్థానంలో "య" ఉంది. నాకు తప్పయితే ఆయనకు ఒప్పెలా అయింది?

గణపాఠి:
మంచి పట్టు పట్టారు! "వీడెన్ + ఆంగ్లభూమి" కాబట్టి ఆ "న" కూడా ద్రుతానిదే, అసలు అక్షరం "ఆ". అటు "చేరి + అచట"లో "య" మధ్యలో వచ్చిన ఆగమం, అసలు అక్షరం "అ". ఆ–అ చెల్లుతుంది. మిమ్మల్ని ముంచిన సూత్రమే ఆయన్ను తేల్చింది. మొదటి పాదంలో "హి"కి "ఇ"తో యతి కూడా సరైనదే, హకారానికి అచ్చులతో మైత్రి ఉంది.

పాదం చివర "జర్మనీ" దగ్గర ఆగి కింది పాదంలో "నటుడు" అనడం బాగుంది. ఇంటింటా దీపం ఆరింది జర్మనీలో, వెళ్ళిపోయింది జర్మనీ నటుడు. ఆ మాట రెండు వైపులా వెలుగుతుంది. లోపం ఒకటే. "వేషం" దగ్గర ఏ వేషమో తెలియదు.

పాతరీలు:
అదే అసలు విషయం కదండీ! కాన్రాడ్ వైట్ వేషాల్లో జనం గుర్తుపెట్టుకున్నవి ఎక్కువగా దుష్టులవే. "కాసాబ్లాంకా"లో నాజీ మేజర్ స్ట్రాసర్, "థీఫ్ ఆఫ్ బాగ్దాద్"లో మాయల వజీరు జాఫర్. నాజీల నుంచి తప్పించుకున్నవాడు తెరమీద నాజీ. ఈ సినిమాలో మాత్రం హాయిగా నవ్వుతూ, అమ్మాయి వెంటపడుతూ, మీసం లేకపోయినా మెలేస్తున్నట్టుండే మగాడు. ఇందులో ఆయన పక్కన కథానాయిక వాలెరీ హాబ్సన్ ఒక్క మెట్టూ తగ్గదు. ప్రెస్‌బర్గర్ కూడా అలా వచ్చినవాడే, హంగరీలో పుట్టి బెర్లిన్‌లో రాసుకుంటూ నాజీల వల్ల వెళ్ళిపోయిన యూదుడు. లండన్ చీకటిని అంత సరదాగా చూపించింది బయటినుంచి వచ్చినవాళ్ళే.

నిర్వాహకుడు:
ఇంకో దీపం కూడా ఆరింది. 1940 ఏప్రిల్ 9న జర్మనీ డెన్మార్కును ఆక్రమించింది. అంటే సినిమా తెరమీదికి వచ్చేసరికే కెప్టెన్ ఆండర్సన్ తటస్థ దేశం తటస్థం కాదు. ఆయన ఇక ఏ రేవుకు తిరిగి వెళతాడు? సాగరతీరం గారూ, దానిమీద రెండో పద్యం మీరే రాయాలి.

పాతరీలు:
అంతకుముందు నా బాకీ తీర్చుకోనివ్వండి. లండన్, లాంతరు రెండూ వదిలేశాను, బాధగానే ఉంది.

పాసు దోచి పోయె పడతి యొక్కతె రాత్రి
నావ దిగ్గి వెదకె నావికుండు
చూపు చాలకున్న సూత్రమై సడి నిల్చె
దీప మార్పినంతఁ దెలిసె దారి

గణపాఠి:
కళ్ళు పనిచేయనప్పుడు చెవి దారి చూపింది. ముడి విడింది. "చూ–సూ" యతి కూడా సరే. ఆ లాంతరు పోతే పోయింది లెండి, బ్లాకవుట్‌లో వెలిగిస్తే జరిమానా పడుతుంది.

ఓరుగల్లు:
సాగరతీరం అన్నా, "కిరసనాయిలు"కు బదులు "గాసునూనె" పెట్టి చూడు. మా దిక్కు అట్లనే అంటరు. ఆటవెలదిల వచ్చే చిన్న గణాలు, రెండు సూర్యగణాలు తయార్.