నేమా 23 మోటార్లకు 24 వోల్టులు చాలవా? టీబీ6600 డ్రైవర్ మార్చాలా?

పర్లాకిమిడి_చెక్కపని:
తలుపులకు నగిషీ చెక్కే సీఎన్‌సీ (కంప్యూటరు నడిపే యంత్రం) కడుతున్నాను. నేమా 23 సైజు స్టెప్పర్ మోటార్లు (అడుగు అడుగుగా తిరిగేవి) మూడు, ఒక్కోటి 2.8 ఆంప్స్, ఇండక్టెన్స్ (కరెంటు ఎక్కడాన్ని అడ్డుకునే గుణం) 5.4 మిల్లీహెన్రీ. మోటార్లకు కరెంటు అందించే టీబీ6600 డ్రైవర్లు, వాటికి 24 వోల్టుల ఎస్‌ఎంపీఎస్ (డీసీ పవర్ సప్లై). నెమ్మదిగా బాగానే నడుస్తోంది. వేగం పెంచితే మోటారు కీచుమని ఆగి, మళ్లీ అందుకుంటోంది. నిన్న టేకు పలక మీద నెమలి మెడ దగ్గర గీత పక్కకు జరిగిపోయింది. వోల్టేజీ పెంచమంటున్నారు. మోటారు షీటులో 3.2 వోల్టులే ఉంది, కాలిపోదా?

రాయగడ_వైండింగ్:
పెంచకండి. ఆ మోటార్లు ఎలాగూ వేడిగానే ఉంటాయి. డ్రైవర్ మీద కరెంటు స్విచ్‌లు 3 ఆంప్స్‌కి పెట్టి చూడండి.

బరంపురం_పాలిటెక్నిక్:
అన్నా, ఇది నేను ఒప్పుకోను. 3.2 అనేది వైండింగ్ రెసిస్టెన్స్‌ని కరెంటుతో గుణిస్తే వచ్చిన అంకె. సప్లై ఎంత ఉండాలో అది చెప్పదు. ఈ డ్రైవర్లు మనం పెట్టిన కరెంటు రాగానే కోసేస్తాయి, కాబట్టి 24 ఇచ్చినా 36 ఇచ్చినా వైండింగులోకి 2.8కి మించి పోదు. తేడా అంతా కరెంటు ఎంత త్వరగా ఎక్కుతుందన్న దగ్గరే.

నిమిషానికి 600 చుట్లంటే సెకనుకు 2000 ఫుల్ స్టెప్పులు (చుట్టుకు 200), ఒక్కో స్టెప్పుకు దొరికేది 0.5 మిల్లీసెకను. 24 వోల్టులతో 2.8 ఆంప్స్ ఎక్కడానికే సుమారు 0.63 కావాలి. ఎక్కేలోపే తర్వాతి స్టెప్పు వచ్చి పడుతుంది. 36తో 0.42 చాలు. తిరిగే మోటారు పుట్టించే ఎదురు వోల్టేజీ కూడా కలిస్తే 24 పరిస్థితి ఇంకా కష్టం. స్విచ్‌లు పైకి పెడితే వేడి పెరగడమే తప్ప వేగం రాదు.

రాయగడ_వైండింగ్:
వైండింగ్ వరకు సరే. వోల్టేజీ పెరిగితే కోర్‌లో (మోటారు లోపలి ఇనుములో) నష్టం పెరగదా? పైగా డ్రైవర్ బోర్డు మీద 42 వోల్టుల వరకే అని ఉంటుంది. బరువైన గేంట్రీ (చెక్కే పనిముట్టును మోసే కదిలే దూలం) దభాలున ఆగితే కరెంటు వెనక్కి తంతుంది, కొన్ని ఎస్‌ఎంపీఎస్‌లు అక్కడే ట్రిప్ అవుతాయి. టొరాయిడ్ (ఉంగరం ఆకారపు) ట్రాన్స్‌ఫార్మర్, ఏసీని డీసీ చేసే బ్రిడ్జి, పెద్ద కెపాసిటర్ పెడితే ఆ దెబ్బ కెపాసిటర్ కాచుకుంటుంది. నా ఓటు దానికే.

గుణుపురం_ఎలక్ట్రికల్:
ట్రాన్స్‌ఫార్మర్ మంచిదే, మన లైన్లతోనే టెన్షన్. 30 వోల్టుల సెకండరీ (ట్రాన్స్‌ఫార్మర్ బయటికిచ్చే వైపు) తీసుకుంటే డీసీ 40 దాటుతుంది. రాత్రి లైను 250కి ఎక్కిందా, 44 అయి డ్రైవర్ పోవచ్చు. పెడితే 24 సెకండరీయే పెట్టండి, 32 వస్తుంది. ఎస్‌ఎంపీఎస్ అయితే పక్కనున్న చిన్న స్విచ్ 230 వైపు ఉందో లేదో చూసుకోండి. ఆ రకం చాలావరకు 180 కిందికి పనిచేయవు. మా దగ్గర సాయంత్రం లైను అంతకీ దిగుతుంది, స్టెబిలైజర్ తప్పదు.

బరంపురం_పాలిటెక్నిక్:
కోర్ నష్టం మాట నిజమే. అందుకే 36 అన్నాను, 48 అనలేదు. 48 కావాలంటే టీబీ6600 పనికిరాదు. డీఎం542 అనే ఇంకో డ్రైవర్‌కి 50 దాకా అనుమతి ఉన్నా అంచున నడపడం నాకు ఇష్టం ఉండదు. మూడు మోటార్లకు కలిపి 8.4 ఆంప్స్, సప్లైకి అందులో మూడింట రెండొంతులు, అంటే 5.6 చాలు. 36 వోల్టుల 350 వాట్లది దాదాపు 9.7 ఇస్తుంది. వెనక్కి తన్నడానికి మందు యాక్సిలరేషన్ తగ్గించడం. ఇంకొకటి, పవర్ ఉండగా మోటారు తీగ ఊడదీయకండి, డ్రైవర్ అక్కడికక్కడే పోవచ్చు.

రాయగడ_వైండింగ్:
యాక్సిలరేషన్ తగ్గిస్తే పని ఆలస్యమవుతుంది కదా. పెద్ద గేంట్రీకి నేను ట్రాన్స్‌ఫార్మరే కడతాను.

పర్లాకిమిడి_చెక్కపని:
నా గేంట్రీ చిన్నదే అన్నా. 36 ఎస్‌ఎంపీఎస్, స్టెబిలైజర్ తెప్పిస్తున్నాను. డ్రైవర్లు అవే, కరెంటు 2.8 దగ్గరే. టేకు ముట్టుకునే ముందు ప్లైవుడ్ మీద అదే నెమలి చెక్కి చూస్తాను.