గది సర్దితే చదువు బుర్రకెక్కుతుందా? మీ అనుభవం చెప్పండి

అశోక్‌నగర్ అభ్యర్థి:
అశోక్‌నగర్‌లో ముగ్గురం ఒకే గదిలో ఉండి గ్రూప్-2కి చదువుతున్నాం. మంచం మీదే పుస్తకాలు, మంచం మీదే కంచం. నెత్తి మీద దండెం, దాని మీద ఆరని టవళ్లు. పాలిటీ తీస్తే పక్కనున్న ఎకానమీ స్పైరల్ నోట్స్ కంటపడుతుంది, అదెప్పుడు పూర్తవుతుందా అని టెన్షన్. చిక్కడపల్లి లైబ్రరీలో అయితే గంటలకొద్దీ కదలకుండా చదువుతా. తేడా గదిదా, నాదా? సర్దుకుని బాగుపడ్డవాళ్లు ఉంటే ఏం చేశారో చెప్పండి.

పటాన్‌చెరు ఫిట్టర్:
తమ్ముడూ, ఎక్కువ భాగం గదిదే. మా ఫ్యాక్టరీలో 5ఎస్ అని జపాన్ పద్ధతి ఒకటి పాటిస్తాం. అందులో మొదటి పని సర్దడం కాదు, ఏరివేయడం. అక్కర్లేదనిపించిన వస్తువుకి ఎర్ర ట్యాగ్ కట్టి పక్కన పెడతాం. గడువులోగా ఎవరూ అడగకపోతే స్టోర్‌కో స్క్రాప్‌కో పోతుంది. పనిముట్ల బోర్డు మీద ప్రతి స్పానర్ ఆకారం గీసి ఉంటుంది, ఏది లేదో చూడగానే తెలుస్తుంది. వెతుకులాట పోతే సగం చిరాకు పోయినట్టే. నువ్వు ఇవాళ చదవని సబ్జెక్టులన్నీ సంచిలో వేసి మంచం కిందికి తోసెయ్.

నెల్లూరు అకౌంట్స్ అక్క:
నాది వర్క్ ఫ్రమ్ హోమ్, డైనింగ్ టేబులే ఆఫీసు. పిల్లల్ని బడికి పంపి, టేబుల్ తుడిచి, లాప్‌టాప్ పెడతాను. సాయంత్రం దాన్ని బీరువాలో పెట్టేస్తాను. అయితే నాకు అసలు పనిచేసిన మందు ఇది కాదు, చీటీ. లాప్‌టాప్ మూసేముందు రేపు ఎక్కడ మొదలుపెట్టాలో ఒక్క లైను రాసి మూతలో పెడతాను. నిన్నటిది: “రెండు రవాణా బిల్లులకు లెక్క కుదరలేదు, అక్కడి నుంచి.” పొద్దున్నే ఏం చేయాలా అని తడుముకోనక్కర్లేదు, రాత్రి వంట చేస్తూ ఆ బిల్లుల గురించి ఆలోచించనూ అక్కర్లేదు.

సర్దుడు వ్యతిరేకి:
ఏమనుకోకండి, ఒక అడ్డు మాట. పరీక్ష దగ్గరపడేకొద్దీ మా రూమ్మేట్ గది అద్దంలా మెరిసేది. స్కెచ్ పెన్నులతో టైమ్‌టేబుల్, పుస్తకాలన్నిటికీ కొత్త అట్టలు. చదువు మాత్రం మొదటి యూనిట్ దాటలేదు. సర్దడం కూడా చదువు ఎగ్గొట్టే దారే. పైగా 2013లో అమెరికాలో మిన్నెసోటా వర్సిటీ వాళ్లు చేసిన ప్రయోగంలో, చిందరవందర గదిలో కూర్చున్నవాళ్లు పింగ్‌పాంగ్ బంతితో ఏం చేయొచ్చంటే ఎక్కువ కొత్త ఉపాయాలు చెప్పారు.

అశోక్‌నగర్ అభ్యర్థి:
అన్నా, బిట్ పేపర్‌కి కొత్త ఉపాయాలెందుకు, చదివింది గుర్తుంటే చాలు :) అయినా మీ రూమ్మేట్ మా గదిలోనూ ఒకడున్నాడు. ఇంకో సందేహం, 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందంటారు, నిజమేనా?

ఆస్టిన్ తెలుగోడు:
21 పట్టుకుని కూర్చోకు. లండన్ యూనివర్సిటీ కాలేజీ వాళ్లు 2010లో అచ్చేసిన అధ్యయనంలో మధ్యస్థంగా 66 రోజులు పట్టింది. మనిషిని బట్టి 18 నుంచి 254 దాకా తేడా ఉంది. ఒకరోజు తప్పినా పెద్ద నష్టం లేదని కూడా తేలింది, నాకు నచ్చింది అదే.
గది కంటే ముందు ఫోన్ సంగతి చూడు. మా ఊరి టెక్సాస్ వర్సిటీ వాళ్లు 2017లో దాదాపు 800 మందితో ప్రయోగం చేశారు. ఫోన్ వేరే గదిలో ఉన్నవాళ్లు, బల్ల మీద బోర్లా పెట్టుకున్నవాళ్ల కంటే పరీక్షలు బాగా చేశారు. అదీ ఫోన్ సైలెంట్‌లో ఉండగానే. తర్వాత ఇలాగే చేసి చూసిన అందరికీ ఇదే ఫలితం రాలేదనుకో. నేనైతే పని ఉన్నంతసేపు వంటింటి సొరుగులో పడేస్తాను.

అశోక్‌నగర్ అభ్యర్థి:
ఓనర్‌ని అడిగి దండెం బాల్కనీలోకి మార్చాం. సంచి మంచం కిందికి వెళ్లింది. ఫోన్ ఒక్కటే తేలట్లేదు, ఉన్నదే ఒక గది, అమ్మ ఎప్పుడు చేస్తుందో తెలీదు.

నెల్లూరు అకౌంట్స్ అక్క:
నువ్వే రోజూ భోజనం టైమ్‌కి అమ్మకి చెయ్యి నాన్నా. అర్జంటైతే రూమ్మేట్ నంబర్‌కి చేయమను. ముగ్గురి ఫోన్లూ ఒకేసారి బీరువాలో పెట్టకండి, ఒకటి బయట ఉండనివ్వండి.