బ్యాటరీ పోయిన ల్యాప్‌టాప్, మాటిమాటికీ పోయే కరెంటు: లోపల ఏమైనా పాడవుతుందా?

సోంపేట కుర్రాడు:
అన్నలూ, మాది సోంపేట దగ్గర పల్లెటూరు. ల్యాప్‌టాప్ ఆరేళ్ల నాటిది, బ్యాటరీ పూర్తిగా పోయింది, చార్జర్ పెడితేనే నడుస్తుంది. ఈ వర్షాలకి రోజుకి నాలుగైదుసార్లు కరెంటు పోతోంది, పోయిన ప్రతిసారీ ఠక్కున ఆరిపోయి లోపల హార్డ్ డిస్క్ దగ్గర ‘టిక్’ మని చప్పుడు. పది రోజుల్లో ప్రాజెక్టు రిపోర్టు ఇవ్వాలి. నాన్న కొబ్బరి డబ్బులతో కొన్నది, మదర్‌బోర్డు పోతే మళ్లీ కొనలేం. చాలా టెన్షన్‌గా ఉంది.

రిపేరు బల్ల, విజయనగరం:
తమ్ముడూ, ఆ చప్పుడుకి భయపడకు. కరెంటు పోయినా డిస్క్ కాసేపు తిరుగుతూనే ఉంటుంది, ఆ తిరుగుడులో పుట్టే కాస్త కరెంటుతోనే దాని హెడ్, అంటే డేటా చదివే, రాసే ముల్లు, వెనక్కి వచ్చి పక్కకి చేరిపోతుంది. కాకపోతే షట్‌డౌన్ చేసినప్పటికంటే గట్టిగా లాక్కుంటుంది, రోజూ ఇలాగే అయితే అరుగుతుంది. మదర్‌బోర్డు మాత్రం కరెంటు పోయినంత మాత్రాన కాలదు. నా దగ్గరికి వచ్చే కాలిన చార్జర్లు దాదాపు అన్నీ కరెంటు తిరిగి వచ్చినప్పుడు పోయినవే. నీ చార్జర్ మీద 100-240 వోల్టులని ఉంటుంది చూడు. మనకి రావాల్సింది 230. గాలికి న్యూట్రల్ వైరు, అంటే కరెంటు తిరిగి వెళ్లే వైరు, తెగితే ఇంట్లోకి 400 దాకా వచ్చేయొచ్చు. బల్బులు ఎప్పుడూ లేనంత వెలుగుతో మండి, ఫ్యాన్ రయ్యిమని తిరిగితే బేగి మెయిన్ కట్టెయ్యాలి. కరెంటు పోగానే ప్లగ్ పీకెయ్, వచ్చాక ఐదు నిమిషాలు ఆగి పెట్టు.

రాజాం బావ:
స్పైక్ గార్డ్ కొంటే సరిపోదా?

రిపేరు బల్ల, విజయనగరం:
పిడుగుపాటుకి క్షణకాలం ఎగిరే వోల్టేజీకి కొంత పనికొస్తుంది బావా. న్యూట్రల్ పోయి నిమిషాల తరబడి 400 వస్తే ఆ స్పైక్ గార్డే కాలిపోతుంది.

పలాస అక్క:
తమ్ముడూ, సామాను కంటే నీ రిపోర్టు గురించే నాకు బెంగ. 2018 తిత్లీ తుపాను ముందురోజు మా జీడిపప్పు లెక్కల ఫైలు సేవ్ అవుతుండగా కరెంటు పోయింది. చాలా రోజులకి కరెంటు వచ్చాక తెరిస్తే ఫైలు పేరు ఉంది, సైజు ఉంది, లోపల అన్నీ పిచ్చి గుర్తులు. విండోస్ ఫోల్డర్ల అమరికని కాపాడుకుంటుంది గానీ, ఆ క్షణంలో రాస్తున్న ఫైలుకి పూచీ ఉండదు. రోజూ పెన్‌డ్రైవ్‌లో ఒక కాపీ, నీ మెయిల్‌కి ఒక కాపీ పెట్టుకో. బయాస్ (ల్యాప్‌టాప్‌ని ఆన్ చేసే మూల ప్రోగ్రాం) అప్‌డేట్ అడిగితే మాత్రం ఇప్పుడు అస్సలు నొక్కకు, మధ్యలో ఆగిపోతే ఇక ఆన్ అవ్వకపోవచ్చు.

రిపేరు బల్ల, విజయనగరం:
అక్క చెప్పింది నిజం. అన్నిటికంటే ముందు బ్యాటరీ మార్చు. అది బాగుంటే కరెంటు పోయినట్టు ల్యాప్‌టాప్‌కి తెలియను కూడా తెలియదు.

సోంపేట కుర్రాడు:
మెయిల్‌కి పంపేశాను అక్కా. అన్నా, బ్యాటరీ అన్నావు కాబట్టి అడుగుతున్నా, నెల నుంచి టచ్‌ప్యాడ్ కాస్త పైకి లేచింది, నొక్కితే దిగడం లేదు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

రిపేరు బల్ల, విజయనగరం:
ఉంది. బ్యాటరీ ఉబ్బి కింద నుంచి తోస్తోంది. ఇప్పుడే ఆపేసి చార్జర్ తీసెయ్, టచ్‌ప్యాడ్‌ని గట్టిగా నొక్కకు, నువ్వు విప్పకు, గుచ్చుకుంటే మంటలు వస్తాయి. రేపు పొద్దున్నే దగ్గర్లో రిపేరు షాపులో తీయించు. బ్యాటరీ తీసేసినా చార్జర్ మీద చాలా మోడళ్లు నడుస్తాయి, నీ రిపోర్టు ఆగదు.