నలుగురి ముందు నోరు విప్పలేకపోతున్న తమ్ముడికి ఏ వైద్యం చేయించాలి?

ప్రశ్న (బ్రాడీపేట, గుంటూరు)

మా తమ్ముడు ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాడు. ఇంట్లో చక్కగా మాట్లాడతాడు గానీ, వైవా (మౌఖిక పరీక్ష) ఉందంటే ముందు నుంచే నిద్ర పట్టదు. తీరా ఆ రోజు కాలేజీకే వెళ్లడు. పెళ్లి భోజనాల్లో పంక్తిలో కూర్చుంటే చేయి వణకడం అందరూ చూస్తారని భయపడతాడు. ఫోన్లు నేనే మాట్లాడుతున్నాను, బ్యాంకు పనులకు నాన్నగారు వెళ్తున్నారు. ఏడాది దాటినా తగ్గలేదు. బంధువులు బిడియమే అంటున్నారు. మందులు మొదలుపెడితే మానలేడని అమ్మ భయం. ఏం చేయాలి?

జవాబు 1 (విజయవాడ, క్లినికల్ సైకాలజిస్టు)

అమ్మా, ఇది ఏ సమస్యో అతన్ని స్వయంగా చూసిన వైద్యులే నిర్ధారించాలి. అయితే బిడియం ఉన్నవారు కాసేపటికి సర్దుకుంటారు. ఇతరులు తనను తప్పుపడతారన్న భయం ఆరు నెలలకు మించి ఉండి, చదువునూ రాకపోకలనూ ఆపేస్తుంటే దాన్ని సోషల్ యాంగ్జైటీ డిజార్డర్‌గా అనుమానించాలి. ఇది చాలామందిలో యుక్తవయసులోనే మొదలవుతుంది.

భయపడిన చోటికి వెళ్లకుండా తప్పించుకున్నప్పుడు వెంటనే ఊరట కలుగుతుంది, ఆ ఊరటే మరుసటిసారి భయాన్ని పెంచుతుంది. వెళ్లినా తల దించుకోవడం, వాక్యాలను మనసులో ముందే వల్లించుకోవడం, వణుకు కనబడకుండా గ్లాసును గట్టిగా పట్టుకోవడం వంటివి చేస్తే, ధ్యాసంతా తన మీదే ఉండి, ఎదుటివారు నిజానికి తనను అంతగా గమనించడం లేదన్న సంగతి ఎప్పటికీ తెలియదు. మనస్తత్వవేత్తలు డేవిడ్ క్లార్క్, ఏడ్రియన్ వెల్స్ 1995లో వివరించిన ఈ విషవలయాన్ని తెంచడమే కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ (ఆలోచనలను, ప్రవర్తనను మార్చే మాటల చికిత్స) చేసే పని. మాట్లాడుతుండగా వీడియో తీసి చూపిస్తే, తాను ఊహించుకున్నంత వణుకు అందులో లేదని చాలామంది స్వయంగా గ్రహిస్తారు.

అందుకే తమ్ముడి ఫోన్లు మీరు మాట్లాడటం క్రమంగా తగ్గించండి. ఒక్కసారిగా మానేయవద్దు, ముందు గ్యాస్ బుకింగ్ వంటి చిన్న ఫోను, తరువాత మా విజయవాడ బెసెంట్ రోడ్డులాంటి బజారులో, దుకాణంలో ధర అడగడం, ఆ పైన వైవా. ప్రతి మెట్టూ అతని అంగీకారంతోనే ఎక్కించాలి.

జవాబు 2 (గుంటూరు, ఇదే చికిత్స పొందినవారు)

మీ అమ్మగారి భయం మా ఇంట్లోనూ ఉండేది. నాకు ఇచ్చిన ఎస్సిటాలోప్రామ్, అలాగే సెర్ట్రాలిన్, వ్యసనం కలిగించే మందులు కావు. మొదట వికారం, కంగారు కొంత ఉండవచ్చు. గుణం కనిపించడానికి కొన్ని వారాలు పడుతుంది గనుక పది రోజులకే పనిచేయలేదని ఆపేయకూడదు. తగ్గాక కూడా కొన్ని నెలలు వాడి, డాక్టరు చెప్పినట్లు మోతాదు తగ్గిస్తూ మానాలి. ఇరవై అయిదేళ్ల లోపు వారిని తొలి వారాల్లో ఇంటివారు కనిపెట్టి ఉండాలి. అలవాటు పడే ప్రమాదం ఉన్నవి ఆల్ప్రజోలామ్ వంటి, కంగారును వెంటనే తగ్గించే మాత్రలు.

మళ్లీ అడిగినవారు

ఇద్దరికీ కృతజ్ఞతలు. వైవాకు ముందు ప్రొప్రనొలాల్ వేసుకుంటే చాలని స్నేహితుడు చెప్పాడట. ఇవ్వవచ్చా?

జవాబు 1 నుంచి

సొంతంగా వద్దు. అది గుండెదడను, వణుకును కాసేపు తగ్గిస్తుందే తప్ప భయాన్ని మాన్పదు. ఆస్తమా ఉన్నవారికి ప్రమాదకరం. గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఉంది, ముందు అక్కడ చూపించండి. బయటికి రావడానికి అతను వెనకాడితే, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు. ఆ ఫోను మాత్రం అతనే చేసేలా పక్కన కూర్చోండి.