గర్భిణి అయిన చెల్లెలు మాత్రలకు అలవాటు పడింది: ప్రభుత్వ సేవల సాయం తీసుకోవచ్చా, బిడ్డను తీసేసుకుంటారా?

ప్రశ్న
రాసినవారు: ఒక అక్క

నమస్కారం. మా చెల్లెలికి ఇప్పుడు ఆరో నెల నడుస్తోంది. నడుము నొప్పికని డాక్టరు రాసిచ్చిన ట్రామడాల్ మాత్రలను నొప్పి తగ్గిన తర్వాత కూడా మానలేకపోయిందని, గర్భం వచ్చాక కూడా అవి లేకుండా రోజు గడవడం లేదని నాకు ఈ మధ్యే తెలిసింది. ఐరన్ మాత్రల డబ్బా మూత తీస్తే, పైన ఎర్ర మాత్రలు, వాటి అడుగున రేకుల నుంచి విడదీసి పోసిన తెల్ల మాత్రలు కనిపించాయి. అడిగితే ముందు కాదంది, తర్వాత ఏడ్చింది, చివరికి "రేపటి నుంచి ఒక్కటి కూడా ముట్టను, నువ్వు మాత్రం ఎవరికీ చెప్పకు" అని నా దగ్గర మాట తీసుకుంది.

ప్రసవానికి ముందు పరీక్షలకు క్రమం తప్పకుండా వెళ్తోంది కానీ అక్కడ ఈ సంగతి నోరు విప్పి చెప్పలేదు. చెబితే బిడ్డ పుట్టగానే తన దగ్గర్నుంచి తీసుకుపోతారని దాని భయం. దాన్ని ఒక్కసారిగా మాననివ్వడం మంచిదేనా? ప్రభుత్వం తరఫున ఇలాంటి తల్లుల కోసం ఉండే సేవలు ఏమేమి చేస్తాయి? చెప్పడం వల్ల నిజంగా బిడ్డ దూరమవుతుందా? తెలిసినవారు దయచేసి వివరంగా రాయగలరు.

సమాధానం 1
రాసినవారు: ప్రసూతి విభాగం నర్సు

అమ్మా, ముందుగా ఒక్క మాట: రేపటి నుంచి మానేస్తానన్న మాటను దయచేసి అమలు చేయనివ్వకండి. ట్రామడాల్ ఓపియాయిడ్ల కోవకు, అంటే నల్లమందు తరహాలో పనిచేసే నొప్పి మందుల కోవకు చెందినది. శరీరం దానికి అలవాటు పడ్డాక ఉన్నట్టుండి ఆపేస్తే వాంతులు, విరేచనాలు, వణుకు, నిద్ర పట్టకపోవడం వంటి విత్‌డ్రాయల్ లక్షణాలు వస్తాయి. గర్భిణి విషయంలో ఆ ఒత్తిడి గర్భస్రావానికో, నెలలు నిండకుండా నొప్పులు రావడానికో దారి తీసే ప్రమాదం ఉంది. దీనికి తోడు ట్రామడాల్ మోతాదు మించితే మూర్ఛలు కూడా వస్తాయి కాబట్టి, ఎన్ని వేసుకుంటోందన్న నిజమైన లెక్క డాక్టరుకు తెలియడం చాలా ముఖ్యం.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2014లో గర్భిణులలో మత్తు పదార్థాల వాడకంపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఓపియాయిడ్లకు అలవాటు పడిన గర్భిణిని పూర్తిగా మాన్పించే ప్రయత్నం చేయడం కంటే, మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్‌తో (వ్యసన చికిత్సలో వాడే, అదే కోవకు చెందిన మందులతో) నిలకడగా చికిత్స కొనసాగించడమే మేలని అందులో స్పష్టంగా ఉంది. "ఒక మత్తు తీసేసి ఇంకో మత్తు ఇస్తున్నారు" అని చాలామంది బంధువులు మాతో వాదిస్తారు. కానీ వైద్యుని పర్యవేక్షణలో రోజూ ఒకే మోతాదులో అందే మందుకూ, ఒక పూట ఎక్కువై మరో పూట దొరక్క ఒంట్లో ఎగుడుదిగుళ్లు పుట్టించే మాత్రలకూ పోలిక లేదు. కడుపులోని బిడ్డకు ఎక్కువ చేటు చేసేవి ఆ ఎగుడుదిగుళ్లే. ట్రామడాల్ విషయంలో ఆ మందులు అవసరమా, లేక ఉన్న మోతాదునే జాగ్రత్తగా తగ్గించుకుంటూ రావచ్చా అన్నది నిపుణులు ఆమెను చూసి నిర్ణయించాలి. నెలలు నిండే కొద్దీ శరీరం మెథడోన్‌ను త్వరత్వరగా ఖర్చు చేస్తుంది కాబట్టి చివరి నెలల్లో మోతాదు పెంచాల్సి రావచ్చు. అది వ్యసనం ముదిరిందనడానికి గుర్తు కాదు, ఇంట్లో వాళ్లు కంగారు పడనక్కర్లేదు.

ఈ సలహా ఓపియాయిడ్లకే వర్తిస్తుంది. ఇది చదివే వారిలో మద్యం సమస్య ఉన్నవారుంటే, తీవ్రంగా అలవాటు పడినవారు ఇంట్లో ఉండి మానకూడదు, ఆసుపత్రిలో చేరి మానాలి. నిద్ర మాత్రలైతే కొంచెం కొంచెంగా తగ్గించాలి.

ఇక బిడ్డ సంగతి. ఇలాంటి తల్లులకు పుట్టిన బిడ్డల్లో కొందరికి మొదటి రోజుల్లో ఆగని ఏడుపు, చేతులు కాళ్లు వణకడం, పాలు సరిగ్గా తాగకపోవడం కనిపిస్తాయి. అందుకే కనీసం 4 నుంచి 7 రోజులు ఆసుపత్రిలోనే ఉంచి గమనిస్తారు. ఇది చికిత్సకు లొంగే స్థితి. ఇప్పుడు చాలా చోట్ల బిడ్డ తింటున్నాడా, నిద్రపోతున్నాడా, ఎత్తుకుంటే ఊరుకుంటున్నాడా అన్న మూడింటిని బట్టే మందు అవసరాన్ని నిర్ణయిస్తున్నారు. అమెరికాలో 26 ఆసుపత్రుల్లో జరిగి 2023లో వెలువడిన అధ్యయనంలో, ఈ పద్ధతిలో చూసిన పిల్లలు సగటున 8 రోజులకే ఇంటికి పంపదగిన స్థితికి వచ్చారు. పాత పద్ధతిలో దాదాపు 15 రోజులు పట్టింది. ఇందులో మొదటి మందు తల్లి ఒడి. మసక వెలుతురున్న గదిలో, దుప్పటిలో చుట్టిన బిడ్డను గుండెకు ఆనించుకుని తల్లి కూర్చుంటే, అప్పటిదాకా గుక్కపట్టిన బిడ్డ పిడికిళ్లు మెల్లగా విచ్చుకోవడం నేను ఎన్నోసార్లు చూశాను. అందుకే తల్లిని వార్డు బయట నిలబెట్టే ఏ ఏర్పాటునూ నేను సమర్థించలేను. నిలకడగా మెథడోన్ లేదా బ్యుప్రెనార్ఫిన్ మీద ఉన్న తల్లి, వేరే మత్తు పదార్థాలు వాడకపోతే, సాధారణంగా పాలు కూడా ఇవ్వవచ్చు. ట్రామడాల్ మాత్రం పాల ద్వారా బిడ్డకు చేరి శ్వాసకు ఇబ్బంది కలిగించగలదు కాబట్టి, దాన్ని వేసుకుంటూ డాక్టరును అడగకుండా పాలివ్వవద్దు.

సమాధానం 2
రాసినవారు: సామాజిక కార్యకర్త

నర్సుగారు వైద్యం గురించి చెప్పారు కాబట్టి నేను ఆ భయం గురించే రాస్తాను. మీ చెల్లెలి భయాన్ని దయచేసి కొట్టిపారేయకండి, అది ఊరికే పుట్టింది కాదు. అమెరికాలోని టెనెసీ రాష్ట్రం 2014లో గర్భిణుల మత్తు వాడకాన్ని శిక్షించదగిన నేరంగా చేసింది. ఆ చట్టం 2016లో గడువు తీరి ముగిసిపోయింది. అది అమల్లో ఉన్న కాలంలో శిక్షకు భయపడి ఆసుపత్రి ముఖం చూడని గర్భిణులు ఉన్నారు. అంతకు ముందు 2001లో, గర్భిణుల అనుమతి లేకుండా మూత్ర పరీక్షలు చేసి ఫలితాలను పోలీసులకు అందించిన ఒక ఆసుపత్రి పద్ధతి రాజ్యాంగ విరుద్ధమని ఆ దేశ సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. శిక్ష భయం బిడ్డను కాపాడదని, తల్లిని చికిత్సకు దూరం చేస్తుందని నా గట్టి అభిప్రాయం.

అయితే "ఏమీ కాదు, చెప్పేయమనండి" అని నేను ఖచ్చితంగా అనలేను, ఎందుకంటే నియమాలు అన్నిచోట్లా ఒకలా లేవు. కాబట్టి వివరాలు చెప్పడానికి ముందే సిబ్బందిని రెండు విషయాలు అడగాలి: మేము చెప్పిన వాటిలో ఏది బయటి అధికారులకు తెలపడం మీకు తప్పనిసరి? తెలపాల్సి వస్తే ముందుగా మాకు చెబుతారా? సూటిగా సమాధానం ఇచ్చే చోటే నమ్మదగిన చోటు. నా అనుభవంలో శిశు సంక్షేమ విభాగం వారు ముందుగా చూసేది బిడ్డకు భద్రత ఉందా లేదా అన్నదే. నెలల ముందు నుంచీ చికిత్సలో ఉన్నట్టు ఆసుపత్రి పత్రాలు చూపించగల తల్లి స్థితి, ప్రసవ సమయంలో బయటపడిన తల్లి స్థితి కంటే ఎంతో మెరుగు. అందుకే ప్రసవానికి ముందే, బిడ్డను ఎవరు చూసుకుంటారు, తల్లికి చికిత్స ఎక్కడ కొనసాగుతుంది, ఆపద వస్తే ఎవరిని పిలవాలి అన్న వివరాలతో ఒక పత్రం సిద్ధం చేయించుకోవాలి.

మంచి సేవ ఎలా ఉంటుందన్న ప్రశ్నకు ఒక ఉదాహరణ చెబుతాను. కెనడాలోని వాంకూవర్ నగరంలో షీవే అనే కేంద్రం 1993 నుంచి ఇలాంటి తల్లుల కోసమే పనిచేస్తోంది. ప్రసవ వైద్యం, వ్యసనానికి కౌన్సెలింగ్, వేడి భోజనం, ఇల్లు వెతకడంలో సాయం అన్నీ ఒకే కప్పు కింద దొరుకుతాయి. వ్యసన విముక్తి కేంద్రం ఒక మూల, ప్రసూతి ఆసుపత్రి ఇంకో మూల, సంక్షేమ కార్యాలయం మరో మూల ఉంటే, ఎనిమిదో నెల గర్భిణి వీటిలో ఏదో ఒకదాన్ని వదిలేస్తుంది. మీ దగ్గర అన్నీ ఒకచోట లేకపోతే, వీటి మధ్య తిరిగి సమన్వయం చేసే ఒక్క మనిషిని కేటాయించమని అడగండి.

సమాధానం 3
రాసినవారు: కోలుకుంటున్న తల్లి

నేను ఆ దారిలో నడిచి వచ్చినదాన్ని, ఇప్పుడు నా బిడ్డ నా దగ్గరే ఉంది. పైన ఇద్దరూ ప్రసవం వరకూ బాగా చెప్పారు, కానీ నాకు అసలు కష్టం ఆ తర్వాతే మొదలైంది. కడుపుతో ఉన్నప్పుడు ప్రతి నెలా ఎవరో ఒకరు రమ్మని పిలిచేవారు, ఎలా ఉన్నావని అడిగేవారు. బిడ్డ పుట్టాక అందరూ బిడ్డ బరువు ఎంత పెరిగిందని అడిగారు తప్ప నన్ను అడిగినవారు లేరు. నేను చికిత్స పొందుతున్న కేంద్రంలోనైతే పసిబిడ్డను వెంట తీసుకురావద్దని చెప్పారు. నిద్రలేని రాత్రులు, మనసులో దిగులు, బిడ్డను వదిలిపెట్టడానికి మనిషి లేకపోవడం, ఇవన్నీ కలిసి వచ్చాయి.

ఇది నా ఒక్కదాని కథ కాదు. అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఓపియాయిడ్ సమస్య ఉన్న తల్లులను గమనించి 2018లో వెలువరించిన అధ్యయనంలో, మోతాదు మించి ప్రాణం మీదికి వచ్చిన ఘటనలు గర్భం చివరి మూడు నెలల్లో అన్నిటికంటే తక్కువగా, ప్రసవమైన 7 నుంచి 12 నెలల మధ్య అన్నిటికంటే ఎక్కువగా ఉన్నాయి. కొంతకాలం మానిన శరీరం పాత మోతాదును తట్టుకోలేదు, ప్రమాదమంతా అక్కడే ఉంది. కాబట్టి అక్కగారూ, ఆరు వారాల పరీక్షతో ఫైలు మూసేసే సేవను ఒప్పుకోకండి. కనీసం మొదటి ఏడాదంతా చికిత్స ఉంటుందా, బిడ్డతో కలిసి రానిస్తారా, బాలింత దిగులుకు కూడా చూస్తారా అని ఇప్పుడే అడగండి. ఓపియాయిడ్ మోతాదు మించినప్పుడు దాని ప్రభావాన్ని తిప్పికొట్టే నలాక్సోన్ అనే మందును ఇంట్లో ఉంచుకునే వీలుంటే, దాన్ని ఎలా వాడాలో మీరు నేర్చుకోండి, ఎందుకంటే ఆ క్షణంలో చెల్లెలు తనకు తాను ఇచ్చుకోలేదు.

తిరిగి అడిగినది
రాసినవారు: ఒక అక్క

అందరికీ ఎంతో కృతజ్ఞతలు. మీ సమాధానాలు దానికి చదివి వినిపించాను. బలవంతంగా ఒక్కసారిగా మానవద్దన్న మాట వినగానే దాని ముఖంలో కాస్త తేరుకున్న ఛాయ కనిపించింది. కానీ ఆసుపత్రికి వెళ్లి పేరు చెప్పడానికి ఇంకా జంకుతోంది. పేరు చెప్పకుండా ముందు నేను కనుక్కోవచ్చా?

సమాధానం 4
రాసినవారు: సామాజిక కార్యకర్త

తప్పకుండా కనుక్కోవచ్చు. ఫోన్ చేసి "ఆరో నెల గర్భిణి, ట్రామడాల్ అలవాటు ఉంది, మీ దగ్గర గర్భిణులను చేర్చుకుంటారా, మొదటిసారి చూడటానికి ఎన్ని రోజులు పడుతుంది" అని అడిగితే చాలు, పేరు అక్కర్లేదు. వారాల తరబడి ఆగమంటే, గర్భిణులకు ముందు వరుస ఇవ్వరా అని మర్యాదగా అడగండి. చాలా చోట్ల ఆ నియమం ఉంటుంది కానీ అడిగినవారికే గుర్తు చేస్తారు. వెళ్లే రోజున ఆ ఐరన్ డబ్బాను ఉన్నది ఉన్నట్టుగా వెంట తీసుకువెళ్లండి, మాత్రల పేరు, మోతాదు డాక్టరు స్వయంగా చూసుకుంటారు. గదిలో మాత్రం ముందు ఆమెను ఒంటరిగా మాట్లాడనివ్వండి. అక్క ఎదుటైనా సరే, భర్త ఎదుటైనా సరే, కొన్ని విషయాలు చెప్పలేరు. ఈలోగా మూర్ఛ వచ్చినా, రక్తస్రావం కనిపించినా, ఊపిరి మందగించినా, బిడ్డ కదలికలు తగ్గినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకుండా వెంటనే అత్యవసర విభాగానికి తీసుకువెళ్లండి.